ఇంటి వాకిట్లో ఇంజను: పిస్టన్లు మార్చుకున్న రోజుల కథ



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్రకు సంబంధించిన వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజులను గురించి, కోటలను గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఎంచుకున్నది గుప్పిట్లో పట్టేంత వస్తువు. అదే మోటారు ఇంజనులోని పిస్టను. ఒకప్పుడు ఈ పిస్టన్లను కారు యజమానులు తమ ఇంటి వాకిట్లోనే, చెట్టు నీడన మార్పించుకునేవారు. ఇప్పుడు ఆ దృశ్యం దాదాపు కనుమరుగైంది. అది ఎందుకు సాధ్యమైంది, ఎందుకు పోయింది అన్నది ఆలోచిస్తే మన దేశ చరిత్రలో ఒక ముక్క అందులో కనిపిస్తుంది.

సైకిలు పంపు కొట్టని వారు మనలో ఉండరు. పంపు లోపల తోలు వాషరు అరిగిపోతే ఎంత కొట్టినా గాలి పక్క సందుల్లోంచి పోతుంది, టైరు ఎక్కదు. కారు ఇంజనుదీ అదే కథ. సిలిండరు అనే గొట్టంలో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. పెట్రోలు మండి పుట్టిన ఒత్తిడి పిస్టనును కిందికి తోస్తుంది, ఆ తోపుతో క్రాంకు తిరుగుతుంది. పిస్టను సిలిండరుకు బిగువుగా ఉండాలి, కానీ పట్టేయకూడదు. మధ్య సందు తలవెంట్రుక మందం కన్నా తక్కువ. మోటారు చరిత్ర అంతా ఒక విధంగా ఈ సందును అదుపులో పెట్టుకున్న చరిత్రే.

సందు కథ

1712లో ఇంగ్లండులో న్యూకోమెన్ ఆవిరి యంత్రం నిలబెట్టినప్పుడు పిస్టను చుట్టూ తోలు కట్టి, పైన నీళ్ళు పోసి ఆవిరి జారకుండా ఆపేవారు. జేమ్స్ వాట్ దానిని మెరుగుపరచబోయి ఈ సందు దగ్గరే చిక్కుపడ్డాడు. గుండ్రంగా, నిటారుగా ఉన్న సిలిండరును తొలిచే పనిమంతుడే అతనికి దొరకలేదు. 1774లో జాన్ విల్కిన్సన్ ఫిరంగి గొట్టాలు తొలవడానికి ఒక యంత్రం కనిపెట్టాడు. ఆ పద్ధతిలోనే వాట్‌కు సిలిండర్లు తొలిచి ఇచ్చాడు. 50 అంగుళాల సిలిండరులో తేడా పాత షిల్లింగు నాణెం మందానికి మించలేదని అప్పట్లో అబ్బురంగా చెప్పుకున్నారు. ఈనాటి లేత్ షాపు కుర్రవాడు వింటే నవ్వుతాడు, కానీ లోకం మారింది ఆ షిల్లింగు మందం దగ్గరే.

తరువాత 1850ల తొలినాళ్ళలో ఇంగ్లండు రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ చీలిక ఉన్న లోహపు రింగు తెచ్చాడు. రింగును నొక్కి పిస్టను గాడిలో కూర్చోబెడితే, అది తనంతట తాను విచ్చుకుని సిలిండరు గోడను ఆనుకుని ఉంటుంది. నేటికీ ప్రతి ఇంజనులోనూ ఉన్నవి ఆ రింగుల వారసులే.

మొదట్లో మోటారు పిస్టన్లు పోత ఇనుముతో చేసేవారు. బరువు ఎక్కువ. 1913లో డబ్ల్యు.ఓ. బెంట్లీ అనే ఆయన ఫ్రాన్సులో ఒక కార్ల కర్మాగారానికి వెళ్ళినప్పుడు, అక్కడి బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న ఒక చిన్న అల్యూమినియం పిస్టను బొమ్మ కంటబడింది. దాన్ని చూసిన బెంట్లీకి అల్యూమినియంతో నిజం పిస్టన్లే చేస్తే ఏమని తోచింది. చేయించి తను అమ్మే కార్లకు వేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లకూ అవే ఎక్కాయి. కాగితాల బరువుకూ లోకోపకారానికీ ఉన్న సంబంధం గుమాస్తాగా నాకు ఎంతో నచ్చిన విషయం!

అల్యూమినియంతో ఒక చిక్కు ఉంది. వేడికి అది ఇనుముకన్నా రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందువల్ల చల్లగా ఉన్నప్పుడు ఎంత సందు వదలాలన్నది లెక్కగా చూసుకోవాలి. ఇంట్లో పిస్టన్లు వేసే వాడు తప్పక తెలుసుకోవలసిన మాట ఇది.

ఇంట్లో ఇంజను విప్పడం ఎక్కడ మొదలైంది?

అమెరికాలో ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 వరకు మోడల్-టి అనే కారును కోటిన్నరకు పైగా తయారు చేసింది. దానికి సిలిండర్ల పైమూత, అంటే హెడ్డు, విడిగా బోల్టులు విప్పి తీసేలా పెట్టారు. కింద క్రాంకు వద్ద ఒక తనిఖీ మూత ఉండేది. పై మూతా కింది మూతా తీస్తే పిస్టను రాడ్డుతో సహా పైకి వచ్చేస్తుంది. పట్నానికి దూరంగా ఉన్న రైతులు పశువుల కొట్టంలోనే ఆ పని చేసుకునేవారు.

తరువాతి కాలంలో క్యూబాలో ఇంకో రకంగా జరిగింది. 1960లో అమెరికా ఎగుమతులు ఆపివేశాక అక్కడికి కొత్త అమెరికను కార్లు రాలేదు. ఉన్న 1950ల నాటి కార్లనే ఇంటి ముందు విప్పి, బిగించి దశాబ్దాలపాటు నడుపుకున్నారు.

ఈ రెండూ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఇంట్లో పిస్టన్లు మార్చాలంటే మూడు ఉండాలి. బండి విప్పడానికి వీలుగా చేసినదై ఉండాలి. అరిగిన సిలిండరుకు సరిపోయే పెద్ద సైజు పిస్టన్లు బజారులో దొరకాలి. మూడవది, మరో దారి లేని అవసరం ఉండాలి. మన దేశంలో ఈ మూడూ పుష్కలంగా ఉన్నాయి, మూడవది మరీనూ!

మన అంబాసిడరు, మన ఫియట్

స్వాతంత్ర్యానికి ముందు మన దేశంలో జనరల్ మోటార్సు, ఫోర్డు వారు విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మేవారు. ఇక్కడే తయారు చేసే పథకం లేనివారు కొనసాగరాదని 1953లో నిర్ణయం కావడంతో వారు తప్పుకున్నారు. మిగిలినవారిలో ముఖ్యులు 1942లో పుట్టిన హిందుస్థాన్ మోటార్సు, 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్సు, మద్రాసు స్టాండర్డు వారు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో 1957లో అంబాసిడరు పుట్టింది. బొంబాయి కుర్లాలో ఫియట్ 1100 తయారై, తరువాత పద్మినిగా పేరు మార్చుకుంది.

కార్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ. 1959లో కేంద్ర ప్రభుత్వం కార్ల పంపిణీ, అమ్మకాల మీద నియంత్రణ ఉత్తర్వే తెచ్చింది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్నవారు మీ బంధువుల్లోనూ ఉండే ఉంటారు. కొత్తది దొరకదు గనుక పాతదానికి ఆయుర్దాయం పోయాలి. ఆ ఆయుర్దాయం పేరే ‘బోరింగు’.

అంబాసిడరు పెట్రోలు ఇంజను 1489 సీసీ. సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి ఎక్కువ, పిస్టను ఒక్కసారి కదిలే దూరం 88.9 మిల్లీమీటర్లు. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, ఒక గంటలో ఒక్కొక్క పిస్టను ఆ గొట్టంలోనే 32 కిలోమీటర్లు పైకీ కిందికీ పరుగెడుతుంది. మన మట్టిరోడ్ల దుమ్ము, కల్తీ నూనెలు తోడైతే గోడ అరగక ఏమవుతుంది? అరిగితే ఇంజను ఆయిలు పైకెక్కి మండి వెనక నీలిపొగ వస్తుంది. వంతెన ఎక్కేటప్పుడు లాగదు. అప్పుడు ‘బోరు పోయింది’ అంటారు.

దానికి మందు కూడా ఇంజను చేసినవారే ఆలోచించి పెట్టారు. గోడను కొంచెం పెద్దదిగా తొలిచి, అంత పెద్ద పిస్టను వేయడం. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన మేస్త్రీలు ‘పది, ఇరవై, ముప్ఫై, నలభై’ అంటారు. నలభై అంటే దాదాపు ఒక మిల్లీమీటరు. అంతకు మించితే గొట్టంలో గొట్టం, అంటే స్లీవు, దిగ్గొట్టి మళ్ళీ అసలు సైజుకు తేవాలి. మద్రాసు సెంబియంలో 1949లో మొదలైన ఇండియా పిస్టన్సు వంటి సంస్థల వల్ల ఈ సెట్లు మన ఊళ్ళ దుకాణాల్లోకి వచ్చాయి. 1960లలో విజయవాడలో ఆటోనగర్ వెలిసింది. లారీలకూ కార్లకూ అదొక పెద్దాసుపత్రి.

వాకిట్లో జరిగిన పని

కృష్ణా జిల్లాలో మా మేనమామ గారి ఊళ్ళో ఉన్న ఒకే ఒక కారు ఆయనదే. రెండు చేతులు మారి వచ్చిన మార్క్-2 అంబాసిడరు. ఊళ్ళో ప్రసవం వచ్చినా, పాము కరిచినా ఆ బండే కదలాలి. 1979 వేసవిలో అది నీలిపొగ మొదలుపెట్టింది. నేను సెలవు మీద వెళ్ళాను. మేస్త్రిగారు పని చేస్తుండగా ఎన్నోసార్లు చూశాం గనుక, మామయ్యా నేనూ కలిసి రింగులు మాత్రం మార్చేద్దామని పూనుకున్నాం. హెడ్డు దించాం, కింద ఆయిలు చాంబరు దించాం, పిస్టన్లు పైకి తీశాం. అంబాసిడరులో రాడ్డు కింది తల ఏటవాలుగా కోసి ఉంటుంది, సిలిండరులోంచి పైకి వచ్చేందుకే ఆ ఏర్పాటు. కార్బను గీకి కొత్త రింగులు వేసి బిగించేశాం. బండి కదిలింది. మా గర్వానికి పట్టపగ్గాలు లేవు.

పది రోజుల్లో టకటకమని శబ్దం. మేస్త్రిగారు వచ్చి విప్పి చూస్తే మూడో పిస్టను పై రింగు రెండు ముక్కలైంది, గోడ మీద గీతలు పడ్డాయి. ఆయన కేకలు వేయలేదు. నా చెయ్యి పట్టుకుని సిలిండరు లోపల గోడ మీద గోరు ఆనించి పైకి లాగమన్నారు.

“ఆగిందా బాబూ?”

“ఆగిందండీ.”

“మీ రింగూ అక్కడే ఆగింది.”

రింగు తిరిగినంత మేర గోడ అరుగుతుంది. దానిపైన అరగని భాగం చిన్న గట్టులా మిగిలిపోతుంది. కొత్త రింగు అంచు పదును. పైకి వచ్చి ఆ గట్టుకు కొట్టుకుంటుంది. ముందుగా ఆ గట్టు తీయాలి. పుస్తకం చదవని ఆయన గోటితో చెప్పిన పాఠం నాకు నలభై ఏళ్ళు దాటినా మరుపు రాలేదు.

ఇక బోరింగు తప్పలేదు. మూడు సరుగుడు దుంగలు ముక్కాలి పీటలా కట్టి, చైను కప్పీ తగిలించి ఇంజను లేపారు. నా వంతు గుమాస్తా పని. విప్పిన ప్రతి బోల్టునూ పాత ఆఫీసు కవర్లలో వేసి పైన పేరు వ్రాశాను. ఎనిమిది పుష్‌రాడ్లనూ అట్టముక్కకు చిల్లులు పొడిచి వరుస తప్పకుండా గుచ్చాను. బేరింగు టోపీలు ఏ రాడ్డువి ఆ రాడ్డుకే. మేస్త్రిగారు చూసి, “మీ ఆఫీసులో ఫైళ్ళు కూడా ఇలాగే ఉంటాయా?” అన్నారు. నేను జవాబు చెప్పలేదు.

బ్లాకును బస్సు మీద వేసి ఆటోనగర్‌కు పట్టుకెళ్ళాం. అప్పటికే ఇరవై వేసి ఉంది, గీతలు పోవాలంటే నలభైకి వెళ్ళాలన్నారు. పిస్టన్లు ముందు కొని షాపువారికి ఇవ్వాలి. ఒక్కొక్క పిస్టనునూ కొలిచి దానికి తగినట్లు సిలిండరును తొలుస్తారు. “చెప్పును బట్టి కాలు చెక్కినట్టుందే” అని మామయ్య నవ్వారు. నిజమే, ఇక్కడ పద్ధతి అదే.

అయిదో రోజు రాత్రి ఊళ్ళో ఒక ఇల్లాలికి నొప్పులు మొదలయ్యాయి. అలవాటుగా మామయ్య ఇంటికి పరుగెత్తుకొచ్చారు. వాకిట్లో ఇంజను లేని బండి. చివరకు ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరచి, పరుపు వేసి పట్నానికి తీసుకెళ్ళారు. దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ రాత్రి తెల్లవార్లూ మామయ్య అరుగు మీదే కూర్చున్నారు. “మొదటే మేస్త్రిని పిలిచి ఉంటే ఈపాటికి బండి తిరుగుతూ ఉండేదిరా” అని ఒక్కమాటే అన్నారు. సరదాకు విప్పడం వేరు, పదిమంది ఆధారపడ్డ వస్తువును విప్పడం వేరు అని నాకు అప్పుడు తెలిసింది.

బ్లాకు తిరిగివచ్చాక మేస్త్రిగారు దాన్ని వేడి సోడా నీళ్ళతో, కిరసనాయిలుతో కడిగించారు. తొలిచిన పొడి రవ్వంత మిగిలినా కొత్త పిస్టన్లను తినేస్తుంది. రింగును ముందుగా ఉత్తిగానే సిలిండరులో పెట్టి, కొసల మధ్య సందును గేజితో చూశారు. ఆ సందు లేకపోతే వేడెక్కి కొసలు కలిసి రింగు పట్టేస్తుంది. చాలకపోతే ఆకురాయితో చిన్నగా రుద్దారు. ఒక్కొక్క పిస్టనుకు నాలుగు రింగులు. వాటి నోళ్ళు ఒకే వరుసలోకి రాకుండా తిప్పిపెట్టారు. పిస్టను నెత్తిమీద గుర్తు ముందువైపుకు చూడాలి. నూనె పూసి, డబ్బారేకు పట్టీ చుట్టి రింగులను అదిమి, సుత్తి వెనక కర్రపిడితో మెల్లగా తట్టి దింపారు. గట్టిగా కొట్టవలసి వస్తే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే అన్నారు. ప్రతి పిస్టనూ దిగాక క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పి చూశారు. హెడ్డు నట్లు ఒక్కసారే బిగించకుండా, మధ్యనుంచి బయటకు విడతలు విడతలుగా బిగించారు.

మొత్తం తొమ్మిది రోజులు పట్టింది. మొదటి 800 కిలోమీటర్లు యాభై వేగం దాటవద్దని మేస్త్రిగారి ఆజ్ఞ. వెనక అద్దానికి ‘రన్నింగ్ ఇన్’ అని అట్ట అంటించాం. అలా నలభై మీద ఆ బండి మరి ఎనిమిదేళ్ళు ఊరికి సేవ చేసింది.

అదే సంవత్సరం నేను పనిచేసే కార్యాలయం జీపుకూ బోరు పోయింది. అంచనా, మూడు కొటేషన్లు, పై అధికారి మంజూరు, తిరుగు ప్రశ్నలు, జవాబులు. పిస్టన్లు వచ్చేసరికి చింతచెట్టు కింద జీపులో పిచ్చుకలు గూడు పెట్టాయి. ఆ ఫైలులో నా పొట్టి సంతకాలూ ఉన్నాయి గనుక ఎవరినీ తప్పుపట్టను.

తరువాత ఏమైంది?

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, తేలిక. 1991 తరువాత రకరకాల కార్లు దిగాయి. మంచి గాలి ఫిల్టర్లు, మంచి నూనెలు, కొలతగా పెట్రోలు చిమ్మే ఇంజెక్షను వచ్చాక సిలిండరు గోడలు రెండు లక్షల కిలోమీటర్లు తిరిగినా పెద్దగా అరగడం లేదు. ఇది మంచిదే. వాకిట్లో ఇంజను విప్పవలసిన అవసరం లేకపోవడం నష్టమని నేను అనను. ఆ రాత్రి ట్రాక్టరులో వెళ్ళిన తల్లిని తలచుకుంటే అసలే అనను.

2014 మేలో ఉత్తర్‌పాడా కర్మాగారం ఆగిపోయి అంబాసిడరు శకం ముగిసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను రద్దయ్యేలా నిబంధన వచ్చింది. బోరింగు చేయిస్తే నడుస్తుందా లేదా అన్న ప్రశ్నే ఇక లేదు. విద్యుత్ కార్లకైతే పిస్టనే లేదు. మనం మాత్రం ఏటా జీవన ధ్రువపత్రం ఇచ్చి రిజిస్ట్రేషను నిలుపుకుంటున్నాం. మనకు నలభై దాటినా స్లీవు వేసి నడిపిస్తున్న డాక్టర్లు చల్లగా ఉండాలి!

పోయినది పని కాదు, ఆ పని తెలిసిన చేతులు. వాట్ పేరు, విల్కిన్సన్ పేరు, బెంట్లీ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. గోటితో గట్టును పట్టుకున్న మేస్త్రీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వారు లేకపోతే కరువు కాలంలో మన డాక్టర్ల బండ్లు, అధికారుల జీపులు, ఊళ్ళో ఒకే ఒక కారు ఏనాడో ఆగిపోయేవి. మన సభ్యుల్లో ఆర్టీసీ డిపోలలో, ప్రభుత్వ వర్క్‌షాపులలో, రవాణా శాఖలో పనిచేసినవారు ఎందరో ఉన్నారు. వారికి తెలిసిన పనిని, పనివారిని గురించి తలా రెండు పేజీలు వ్రాసి మన సంచికకు పంపవలసిందిగా కోరుతున్నాను. వ్రాయడం కష్టమనుకునేవారు మనవళ్ళకు చెప్పి వ్రాయించండి. ఆ వంకన మనవళ్ళు ఒక గంట మన దగ్గర కూర్చుంటారు.

మా మేస్త్రిగారు కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆయన ఇచ్చిన విరిగిన రింగు ముక్క ఒకటి నా బల్ల మీద, కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను.